ఆగని కారుకు ఆముదం

నరసరావుపేట నుంచి మాచర్లకు నేను ఆముదం డబ్బా మోసుకుపోయానంటే ఇప్పటికీ నవ్వుతారు. పల్నాడులో ఆముదం దొరకదా అంటారు. ఎందుకు దొరకదు, కావలసినంత దొరుకుతుంది. అసలు ఆ ప్రయాణం ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెబితేగానీ ఆ డబ్బా సంగతి మీకు అర్థం కాదు. తప్పు నాదే కాబట్టి ఆ ముక్క ముందే ఒప్పుకుంటున్నాను.

మా అక్క కోటేశ్వరమ్మను మాచర్లలో ఇచ్చారు. మా బావ నరసింహం ఆరడుగుల మనిషి. యుద్ధం అయిపోయాక సీమకు వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దొర దగ్గర ఆయన ముచ్చటపడి రెండు సీట్ల రేసు కారు కొన్నాడు. ఆకుపచ్చ రంగు, పైన కప్పు లేదు, అడుగుభాగం నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. అప్పటికే దానికి పదిహేనేళ్లు. ఊరు ఊరంతా దాన్ని కప్ప అనేవారు. తీరా ఇంటికి తెచ్చాక తెలిసింది, బావ కాళ్లు అందులో పట్టవని. మోకాళ్లు స్టీరింగుకు అడ్డం పడి, కుడికి తిప్పిన కారు మళ్లీ ఎడమకు తిరిగేది కాదు. నాలుగు రోజులు అవస్థపడి, ఆయన పక్కసీట్లోకి జరిగి, బక్కపలచటి మా అక్కను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. నెల తిరిగేసరికి అక్క కప్పను దుర్గి దాకా తోలుకుపోయి, తమలపాకులు కొనుక్కుని వచ్చేది. పెట్రోలు కూపన్లు ఉన్నన్నాళ్లు ఆమె ముఖంలో ఒక వెలుగు ఉండేది. కూపన్లు అయిపోతే ఉత్త బండిలోనే కాసేపు కూర్చుని దిగేది.

ఆ ఏడు దసరాకు నేను వెళ్లినప్పుడు, "ఒరే తమ్ముడూ, బ్రేకు మెత్తగా పోతందిరా, ఏందో చూడు" అంది. చూశాను. బ్రేకు నూనె పోసే డబ్బాలో మట్టం తగ్గింది. నూనె నూనే కదా అని కుట్టుమిషనుకు వేసే నూనె తెచ్చి పోశాను. రోజుకు ఇరవై మందికి మిక్చరు కొలిచి పోసే కాంపౌండరుని, నాకు కొలత తప్పుతుందా అని ధీమా. కొలత తప్పలేదు, మందు తప్పింది. ఆ బ్రేకుల్లో నూనెను ముందుకు తోసే రబ్బరు గిన్నెలు ఉంటాయి. మిషను నూనె తగిలితే అవి పెరుగులో వేసిన గారెల్లా ఉబ్బుతాయి. పదిరోజులకు ఉబ్బాయి. ఇంటి ముందు నుంచి చంద్రవంక వైపు దిగే వాలులో అక్క ఎంత తొక్కినా కప్ప ఆగలేదు. తిన్నగా పోయి వాలు చివర గడ్డివామిలో దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ కొత్త పంచె కట్టుకుని పక్కన కూర్చున్న మా బావ నోటినిండా గడ్డితో బయటికి వచ్చాడు. అది వీధి వీధంతా చూసింది.

ఆ తరవాత కొన్ని నెలలు కారు కొట్టంలోనే ఉండిపోయింది. మిరపకాయలు కల్లాలకు చేరే రోజుల్లో అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది.

"చిరంజీవి తమ్ముడికి. గురజాల మిల్లు పుల్లయ్య గారు కప్ప ఇంజనును వేరుశనక్కాయలు ఒలిచే యంత్రానికి పెట్టుకుంటారట. గురువారం పొద్దున బండ్లూ మనుషులనూ వెంటబెట్టుకుని వస్తారు. ఆయన వచ్చి కారు మీద చెయ్యి వేసేలోపల అది వాలులో ఆగి చూపిస్తే మనింట్లో ఉంటుంది, లేకపోతే ఆయన తోలుకుపోవచ్చునని మీ బావ మాట ఇచ్చారు. ఈ ఇంట్లో నేను తిప్పితే తిరిగేది అదొక్కటేరా. చెడగొట్టింది నువ్వు. వచ్చి బాగుచెయ్యి."

ఆదివారం గుంటూరు వెళ్లి, కార్లు బాగుచేసే ఒక ముసలాయన్ను పట్టుకున్నాను. "ఇంజనుకు ఎండాకాలానికి తగ్గ చిక్కటి నూనె. గేర్లకు అంతకంటే చిక్కటిది, పాకం మాదిరి ఉండాల. బ్రేకుకు మాత్రం ఆ రెండూ పనికిరావు. సీమ నుంచి వచ్చే బ్రేకు నూనె యుద్ధం నాటి నుంచే లేదు. ఒకపాలు ఆముదం, ఒకపాలు స్పిరిటు కలిపి పొయ్యి. సీమ సరుకూ లోపల అదే. మిషను నూనె చుక్క తగిలినా గిన్నెలు మళ్లీ ఉబ్బుతయ్" అన్నాడు. ఆ ముసలాయన దగ్గరే కొత్త రబ్బరు గిన్నెలు దొరికాయి, నా అదృష్టం. బజార్లో నూనెలు కొన్నాను. ఆముదం మాత్రం బొమ్మ అంటించి సీలు వేసిన డబ్బాలోది, సేరు, ఖరీదైనది కొన్నాను. సీలు వేశారంటే మంచిదే అయి ఉంటుందని నా నమ్మకం.

స్పిరిటు మా డాక్టరు గారి దగ్గర పుచ్చుకున్నాను. మద్యనిషేధం కొత్తగా వచ్చిన రోజులు, చేతిలో సీసా ఉంటే చీటీ కూడా ఉండాలి. మా డాక్టరు గారికి హాస్యం పాలు ఎక్కువ. చీటీ మీద రోగి పేరు దగ్గర "రెండు సీట్ల కారు" అనీ, వయసు "పదహారు" అనీ, బాధ "ఆగలేకపోవడం" అనీ రాసి సంతకం పెట్టారు. మార్చి రాయమని బతిమాలాను. "ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్చమంటావేమయ్యా?" అన్నారు.

బుధవారం పొద్దున ఆరింటికి గది తాళం వేశాను. ఒక చేతిలో నూనెల సంచి, ఒక చేతిలో ఆముదం డబ్బా. సరిగ్గా అప్పుడే మా ఇంటి ఓనరు గారు కోర్టు వాయిదాకు వెళ్తూ గడప దాటారు. నా డబ్బా చూసి కొయ్యబారిపోయారు. "రామ రామ! నూనె ఎదురొచ్చావేందయ్యా!" అని వెనక్కి వెళ్లి, మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు మళ్లీ బయలుదేరారు. బయటికి పోయే మనిషికి నూనె ఎదురైతే పని చెడుతుందని మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. నాకూ తెలుసు. కానీ ఆ నూనె మోసేవాడిగా బతకడం ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసింది. బస్సుల దగ్గరికి పోయేలోపల ఇద్దరు వెనక్కి తిరిగారు, ఒకావిడ నన్ను చూసి సందులోకి తప్పుకుంది.

సత్తెనపల్లి బస్సు ఆరున్నరకు. అది బొగ్గు బస్సు. వెనక పొయ్యి, ఆ పొయ్యిలో బొగ్గు, దాన్ని గంటసేపు ఊదితేగాని కదలదు. డ్రైవరు నన్ను దూరం నుంచే చూసి చెయ్యి అడ్డంపెట్టాడు. "అయ్యా, నువ్వు అటు తిరిగి వెనక నుంచి ఎక్కు. నా ఎదురు రాబాకు." అట్లాగే ఎక్కాను. అయినా లాభం లేకపోయింది. ఊరు దాటి మూడు మైళ్లు పోయాక చిన్న మిట్ట ఎక్కలేక బస్సు ఆగింది. అది రోజూ ఆగే మిట్టేనట, కండక్టరే చెప్పాడు. కానీ ఆ రోజు ఆగింది మాత్రం నా వల్లే. అందరం దిగి తోశాం. తోస్తున్నంతసేపూ ఒక పెద్దాయన నా భుజం పక్కనుంచే "అంత ఆముదం ఏం చేసుకుంటావయ్యా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"కారుకు పొయ్యాలండీ."

"కారుకు మలబద్ధకమా?" అన్నాడు. తోసేవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుకు చేతులు సడలి బస్సు నాలుగు బారలు వెనక్కి జారింది. మళ్లీ తిట్లు నాకే.

సత్తెనపల్లి చేరేసరికి తొమ్మిదీ పావు. స్టేషను దగ్గర హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఇడ్లీ బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. ఈ దారిన పోయేవాళ్లు అక్కడే తినడం మంచిది, తరవాత మాచర్ల దాకా వేరుశనక్కాయలు తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. మాచర్ల రైలు పదీ నలభైకి. మూడో తరగతి టిక్కెట్టు పుచ్చుకుని ప్లాటుఫారం మీదికి పోతుంటే మద్యనిషేధం జవాను ఒకడు ఆపాడు. సంచి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఏందిది?"

చీటీ తీసి ఇచ్చాను. ఈ సీసా పోతే బ్రేకు లేదు, బ్రేకు లేకపోతే అక్క కారు లేదు. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. రోగి పేరు దగ్గర ఆగలేదు, వయసు దగ్గరా ఆగలేదు. బాధ దగ్గర ఆగాడు. "పదహారేళ్లకే ఆగలేకపోవడమా! పాపం" అని చీటీ మడిచి నా జేబులో తనే పెట్టాడు. "ముందు రోగం చూసుకోండి, పోండి" అన్నాడు. నేను గబగబా పోయి రైలెక్కాను.

పెట్టెలో సగం మనుషులు, సగం మిరపకాయ గోతాలు. బెల్లంకొండ వచ్చేదాకా ఎవరు మాట్లాడినా మధ్యలో ఒక తుమ్ము. నా ఎదుటి బల్ల మీద నెలల పిల్లతో ఒక అమ్మాయి కూర్చుంది. పేరు సుబ్బులు. పిల్ల బెజవాడ దాకా వినపడేట్టు ఏడుస్తోంది. సుబ్బులు నా డబ్బా మీది బొమ్మ చూసి, "అన్నా, ఆముదమా? ఒక చుక్క ఇస్తావా, పిల్ల మాడు ఎండిపోయింది" అంది. పసిపిల్ల మాడుకు ఆముదం అడిగితే లేదని ఎట్లా అంటాం? సీలు తీసి అరచేతిలో పోశాను. అక్కడితో పోలేదు. పక్కావిడ తన మనవడికి అంది. ఇంకొకావిడ కాళ్ల పగుళ్లు చూపించింది. ఒక ముసలాయన ఏమీ చూపించకుండా గ్లాసు పెట్టాడు, నేనూ ఎందుకని అడగలేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ చూస్తుండగా కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. బండి ఇరుసు కూస్తోందట. నడికుడి చేరేసరికి డబ్బాలో సగానికి పైగా ఖాళీ. నాకు ఏడుపొచ్చింది. సుబ్బులు మాత్రం, "నీకు పుణ్యముంటదన్నా. నేను రెంటచింతలలో దిగుతా, రెండ్రోజులుండి శుక్రవారం బండికే తిరిగొస్తా. అప్పుడు కనపడితే జామకాయలు పెడతా" అంది. పిల్ల ఏడుపు ఆగనే లేదు.

గురజాలలో మధ్యాహ్నం రెండున్నర. మిగిలింది దాచుకుందామని డబ్బా చంకన పెట్టుకుని, తలుపు పక్కకు జరిగి నిలబడ్డాను. తెల్లటి పంచె, వెండి పొన్ను కర్ర, లావుపాటి మనిషి ఒకాయన అదే తలుపు ఎక్కబోయి, నన్నూ డబ్బానూ చూసి అమాంతం దిగిపోయాడు. వెంట ఉన్న నలుగురు మనుషులూ దిగిపోయారు. ఆయన ప్లాటుఫారం మీద మూట మీద కూర్చుని, కూజాలో నీళ్లు తాగి, అప్పుడు మళ్లీ లేచాడు. గార్డు ఈల వేశాడు. కదిలే రైలులోకి ఆయన్ను నలుగురూ కలిసి గోతాన్ని ఎత్తినట్టు ఎత్తారు.

నేను సిగ్గుపడి డబ్బా బల్ల కింద పెట్టి కూర్చున్నాను. ఆయన ఊపిరి కూడదీసుకుని నవ్వాడు. "పరవాలేదు అబ్బాయ్, కూర్చున్న నూనెకు దోషం లేదు. నడిచి ఎదురొచ్చే నూనెకే. ఒకమాటు వస్తే నీళ్లు తాగి బయలుదేరతా. రెండు మాట్లు వస్తే ఇంకోమాటు తాగుతా. ఒక్క రోజులోనే మూడు మాట్లు వచ్చిందంటే ఎంత లాభమొచ్చే పనైనా సరే, దాని వంక మళ్లీ చూడను. మా మిల్లు అట్టా చూసుకునే నిలబెట్టా."

"తమరు ఏ పని మీదండీ?" అన్నాను, మిల్లు మాట వినగానే అనుమానం వచ్చి.

"మాచర్లలో ఒక దొర బండి. ఆగదంట. ఆగనిది నాకు మరీ మంచిది, మిల్లులో ఇంజను ఆగకూడదుగా. ఇయ్యాల రాత్రికి సత్రంలో ఉండి, పొద్దున్నే బండ్లు మాట్లాడుకుని పోయి పట్టుకొస్తా."

పుల్లయ్య గారు! చెడ్డవాడు కాదు, దారి పొడుగునా వేరుశనక్కాయలు పెట్టి తినమని బలవంతం చేశాడు. నేను కాంపౌండరునని చెప్పాను. ఏ ఇంటికి పోతున్నానో చెప్పలేదు.

రెంటచింతలలో సుబ్బులు దిగింది, ఎండ ఎక్కింది. మాచర్లలో దిగేసరికి మూడున్నర. జట్కాలో ఇంటికి చేరాను. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. నా ముఖం కాదు, చేతిలో డబ్బా చూసింది. ఊపి చూసి, "ఇంతేనా?" అంది. దారి కథ చెప్పాను. తిట్టబోయి, నవ్వబోయి, ఏదీ చేతగాక కళ్లు తుడుచుకుంది. అరుగు మీద నుంచి బావ, "ఏం బామ్మర్దీ, ఈసారి ఏ నూనె?" అని మాత్రం అన్నాడు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేదు.

పొద్దుండగానే పని మొదలుపెట్టాం. అక్క కప్పను కదిలించకుండా ఇంజను కాసేపు తిప్పి వేడిచేసింది, వేడి మీదైతే పాత నూనె పూర్తిగా కారుతుంది. అడుగున బిరడా తీస్తే తారులాంటి నూనె దిగింది. నల్లనూనె వాసన వీధికి ఎట్లా తెలిసిందో, కొబ్బరి చిప్పలు పట్టుకుని ఆరుగురు వచ్చారు. దూలాలకు పూస్తే చెద పట్టదట. కొత్త నూనె పోశాం. గేర్లకు చిక్కటిది పోశాం. రేడియేటరులో నీళ్లు మార్చాం. మాచర్ల బావినీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుందని అక్క దాని కోసం విడిగా చంద్రవంక నీళ్లు వడకట్టి ఉంచింది. ఆ ఇంట్లో మేమంతా తాగేది మాత్రం బావినీళ్లే. తరవాత బ్రేకులు విప్పాను. ఉబ్బిన రబ్బరు గిన్నెలు చేతికి వచ్చాయి. నా పాపం అరచేతిలో పెట్టుకుని చూసినట్టుంది. కడగవలసినవన్నీ స్పిరిటుతో కడిగి కొత్త గిన్నెలు వేశాను.

ఇక బ్రేకు నూనె. డబ్బాలో మిగిలిన ఆముదం సరిపోదు. ఇంట్లో ఆముదం ఉంది, జాడీ నిండా ఉంది. కానీ అది అక్క అత్తగారు అచ్చమ్మ గారి జాడీ. రూపాయంత బొట్టు, దానికి తగ్గ గొంతు. సొంత చేలో ఆముదాలు, తనే వేయించి, దంచి, కాచి, నీటి చెమ్మ పోయి చిటపట ఆగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలని మనిషి. ఆవిడకు కప్పంటే పడదు. అది కూసినప్పుడల్లా గేదె పాలు చేపడం లేదని ఆవిడ ఫిర్యాదు.

"అత్తయ్యా, ఒక తవ్వెడు ఆముదం..." అన్నాను.

"నా ఆముదం మడుసులకు. చక్రాలకు కాదు" అంది. తరవాత నా డబ్బా మూత తీసి, రెండు వేళ్ల మధ్య రాసి, మూతి విరిచింది. "ఇది ఆముదమని ఎవురు చెప్పారయ్యా నీకు?"

"సీలు వేసినదండీ" అన్నాను పౌరుషంగా. "నిరూపిస్తా చూడండి." ఆముదం ఒక్కటే స్పిరిటులో పూర్తిగా కలుస్తుంది, వేరే నూనెలు కలవవు. కాంపౌండరు పరీక్షలో నేను రాసిన జవాబే అది. గాజు గ్లాసులో రెండూ పోసి గిలకొట్టాను. అక్క, బావ, నల్లనూనెకు వచ్చిన ఆరుగురూ మూగారు. గ్లాసులోది మజ్జిగలా తెల్లబడి, చూస్తుండగానే నూనె విడిపోయి అడుగున దిగింది. సగం వేరుశనగ నూనె! సీలు వేసిన కల్తీని నరసరావుపేట నుంచి ఊరందరికీ అపశకునమై మోసుకొచ్చాను. పరీక్ష అక్కడే చేసి ఉండవచ్చు, నాకు తట్టలేదు. అదే పోసి ఉంటే కప్ప మళ్లీ గడ్డివామిలోకే. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అచ్చమ్మ గారు గిరుక్కున తిరిగింది. లోపలికి పోయి జాడీ తెచ్చి, గరిటెడు వేరే గ్లాసులో వంచింది. "దీన్నీ చూడు." స్పిరిటు పోసి గిలకొట్టాను. తేటపడింది. అవతల పెట్టిన చెయ్యి గీతలతో సహా కనపడింది.

"ఇంత మంచిది మా ఆస్పత్రిలో కూడా లేదండీ" అన్నాను. నిజమే చెప్పాను.

"ఇంకోమాటు చెప్పు" అందావిడ, చుట్టూ ఉన్న ఆరుగురి వైపు తిరిగి. చెప్పాను. "విన్నారుగా" అని వాళ్లతో అని, జాడీ నా ముందుకు తోసింది. "కావాల్సినంత పోసుకో. ఇంతకీ రైల్లో ఆ కల్తీది పసిపిల్ల నెత్తిన పోశానన్నావే, ఎవురా పిల్ల?"

భోజనాల దగ్గర సుబ్బులు సంగతి, పుల్లయ్య గారి సంగతి, మూడు ఎదుర్ల లెక్క, అన్నీ చెప్పాను. బావ నవ్వాడు. అచ్చమ్మ గారు నవ్వలేదు, మజ్జిగ వడ్డిస్తూ, "మూడా?" అని మాత్రం అడిగింది.

గురువారం తెల్లారగానే నూనె కలిపి పోశాం. పోస్తే అయిపోదు, గొట్టాల్లో గాలి పోవాలి. ఒక్కొక్క చక్రం దగ్గర నేను పడుకుని మర తిప్పడం, పైన అక్క "తొక్కా!" అనడం, బుడగలు రావడం, మర బిగించి "వదులు!" అనడం. మూడు చక్రాలు అయ్యేసరికి ఏడున్నర. నాలుగో దాంట్లో బుడగలు తెగడం లేదు. అప్పుడే బావ అరుగు మీద నుంచి, "పుల్లయ్య వస్తన్నాడు" అన్నాడు. ఆయన గొంతులోనూ సంతోషం లేదు. మాట ఇచ్చిన మనిషి, లేచి పంచె సర్దుకున్నాడు.

వాలు కింద బండ్లు ఆపి పుల్లయ్య గారు కర్ర ఊపుకుంటూ ఎక్కి వస్తున్నాడు. అక్క స్టీరింగు మీది నుంచి నా వైపు వంగింది. "అయిందారా?" అంది. "కాలేదక్కా." అంతలో అచ్చమ్మ గారు జాడీ చంకన పెట్టుకుని నిదానంగా గేటు దాటింది. తిన్నగా వాలు దిగింది, సరిగ్గా ఆయనకు ఎదురు.

"ఓరి దేవుడా, అచ్చమ్మక్కా! ఇప్పుడే రావాల్నా?"

"జాడీ కడగాల తమ్ముడూ. నువ్వొస్తన్నావని నాకేం తెలుసు?"

పుల్లయ్య గారు వెనక్కి దిగి, గడ్డివామి పక్కింటి అరుగు మీద కూర్చుని నీళ్లు తాగాడు. లేచి పది అడుగులు వేశాడో లేదో, ఆవిడ జాడీతో మళ్లీ ఎదురు. మళ్లీ అరుగు, మళ్లీ నీళ్లు. ఇక్కడ నేను నేల మీద పడుకుని "తొక్కు, వదులు" అంటూనే ఉన్నాను. చివరి బుడగ పోయింది. నిండు ధార వచ్చింది. మర బిగించాను. "అక్కా, పద!"

కప్ప గుర్రుమని గేటు దాటింది. గేదె తాళ్లు తెంపుకోబోయింది. కింద పుల్లయ్య గారు మూడోసారి బయలుదేరాడు. అచ్చమ్మ గారు ఆయనకు ఎదురుగా సగం వాలు దిగి ఉంది. వెనక చప్పుడు విని తిరిగింది. తప్పుకుంటుందనుకున్నాను. తప్పుకోలేదు. జాడీ చంకన పెట్టుకుని దారి మధ్యన కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది.

"అమ్మా!" అని బావ అరుగు మీద నుంచి దూకాడు. అక్క తొక్కింది. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టుకుని, దుమ్ము లేచి, దుమ్ములోనే చప్పుడు ఆగిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే కప్ప ముక్కుకూ అచ్చమ్మ గారి చీర కుచ్చెళ్లకూ మధ్య మూరెడు ఉంది.

ఆవిడ పుల్లయ్య గారి వైపు తిరిగింది. "ఇది మూడో మాటు తమ్ముడూ. పైగా బండి ఆగింది కూడా. ఇంక దాని మీద చెయ్యేస్తావా?"

పుల్లయ్య గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకొద్దమ్మా తల్లీ. ఊరికే ఇచ్చినా వద్దు" అని బండ్లు తిప్పించాడు. పోతూ పోతూ నన్ను చూసి గుర్తుపట్టి, "నువ్వా! గురజాలలోనే తెలుసుకోవాల్సింది" అన్నాడు.

అక్క కారులోంచి దిగలేక దిగింది. కళ్లనిండా నీళ్లు. "ఏంది అత్తయ్యా అట్టా నిలబడ్డారు! ఆగకపోయుంటే?"

"ఎందుకు ఆగదే?" అంది అచ్చమ్మ గారు. "నా ఆముదం నాకు తెలవదా?"

శుక్రవారం పొద్దున తొమ్మిదింటి రైలుకు తిరుగు ప్రయాణం. స్టేషనుకు కప్పలో పోదామని అక్క అంది. నేను సంచితో బయటికొచ్చేసరికి పక్కసీట్లో అచ్చమ్మ గారు కూర్చుని ఉంది. "నువ్వు ఎద్దుల బండిలో రా అబ్బాయ్. నేను అది ఎట్టా ఆగుద్దో చూడాల" అంది. దారిలో ఏడుచోట్ల ఆపించి చూసిందట. నేను ఎద్దుల బండిలో పోయి కూడా వాళ్లకంటే ముందు చేరాను. ఎద్దుల బండిలో నాతో వచ్చిన బావ ప్లాటుఫారం మీద నా వీపు తట్టి, "దసరాకు రా, కానీ దేన్నీ ముట్టుకోబాకు" అన్నాడు. అచ్చమ్మ గారు ఒక సీసా నా చేతిలో పెట్టింది. "ఇది ఆ పిల్లకు. కల్తీది పోసి పుణ్యమనిపించుకున్నావుగా, అది సరిచేసుకో."

ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. బొగ్గు బస్సుకు గంట ఎక్కువ లెక్కేసుకోండి, ఇడ్లీ సత్తెనపల్లిలో తినండి, నూనె ఉంటే కూర్చునే ఉండండి. ఆముదం మాత్రం తీసుకెళ్లకండి, అక్కడున్నదాని ముందు మీది నిలవదు. పల్నాడు మనుషుల మాట మొరటుగా ఉంటుందని విన్నాను, ఉంది కూడా. కానీ వాళ్లు తమ సరుకు మంచిదన్నారంటే దాని ముందు నిలబడి చూపిస్తారు.

రెంటచింతలలో సుబ్బులు ఎక్కింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. నేను అడగకుండానే సీసా బిరడా తీశాను. "మొన్నటిది అంత మంచిది కాదమ్మా. ఇది పుయ్యి."

"ఇదేం ఆముదమన్నా?"

"కారును ఆపిన ఆముదం."

ఆమెకు నా మాట అర్థం కాలేదు. చుక్క తీసుకుని పిల్ల మాడు మీద అద్ది, అరచేత్తో మెల్లగా తట్టింది. గురజాల రాకముందే పిల్ల ఏడుపు ఆపి నిద్రపోయింది.